మంచు కురవకముందే బాట వేసిన కాపరి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెల్లో మంచు అంటే చలికాలం తెల్లవారుజామున వరి మడుల మీద కమ్ముకుని, పొద్దెక్కగానే విడిపోయే పొగమంచే. ఆకాశం నుంచి గడ్డకట్టి పడేది మనకు తెలిసింది ఒక్కటే, రాళ్ళవాన. అది పావుగంట కొట్టినా చాలు, జగిత్యాల తోటల్లో మామిడి పిందెలు నేల రాలతాయి. కోతకొచ్చిన వరి గింజలు మట్టిపాలవుతాయి. ఏడాది కష్టం కళ్ళముందే పోతుంది. అలాంటిది పావుగంట కాదు, రాత్రింబవళ్ళు ఆగకుండా మంచు కురిసి, గడపలను, కంచెలను, కాలిబాటలను పూడ్చేసి, ఒక ఊరికి మరో ఊరితో సంబంధం లేకుండా చేస్తే ఆ పల్లె ఎలా బతుకుతుంది? ఆకలితోనో, జబ్బుతోనో ఉన్నవాడి దగ్గరికి ఎవరు వెళ్తారు? అప్పుడు దైవసేవకుడు చేయవలసిన పని ఏమిటి? తలుపులు మూసుకుని మంచు ఆగాలని ప్రార్థించడమేనా? ఈ ప్రశ్నలకు 59 ఏళ్ళ తన పరిచర్యనే జవాబుగా ఇచ్చిన దైవజనుడు జాన్ ఫ్రెడరిక్ ఓబర్లిన్.

జగిత్యాల కోటను 1747లో ఫ్రెంచి ఇంజినీర్ల సాయంతో కట్టారని మన పెద్దలు చెబుతారు. ఆ ఫ్రెంచివారి దేశపు తూర్పు సరిహద్దులోనే స్ట్రాస్‌బర్గ్ అనే నగరం ఉంది. అక్కడ 1740 ఆగస్టు 31న ఓబర్లిన్ పుట్టాడు. తండ్రి బడిపంతులు. ఇంట్లో సంతానం ఎక్కువ, సంపాదన తక్కువ. అయినా పిల్లలకు చదువు, భక్తి కరువు కాలేదు. ఓబర్లిన్ విశ్వవిద్యాలయంలో వేదాంతం చదివాడు. కొంతకాలం ఒక శస్త్రవైద్యుడి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆయన దగ్గర కాస్త వైద్యం కూడా నేర్చుకున్నాడు. ఆ వైద్యం తనకు ఎక్కడ అక్కరకు వస్తుందో అప్పుడు ఆయనకు తెలియదు. కాని దేవునికి తెలుసు. మనం యథాలాపంగా నేర్చుకున్న చిన్న విద్యను సైతం దేవుడు వృథా పోనివ్వడు.

ఓబర్లిన్‌కు 26 ఏళ్ళ వయసులో ఫ్రెంచి సైనిక దళంలో చాప్లిన్ ఉద్యోగం ఖాయమైంది. గౌరవమైన కొలువు, నికరమైన జీతం. సరిగ్గా ఆ సమయంలోనే స్టూబర్ అనే పాస్టరు ఆయనను వెదుక్కుంటూ వచ్చాడు. మేడమీది ఇరుకు గదిలో ఆ యువకుడు పంటినొప్పితో బాధపడుతూ పడుకుని ఉన్నాడు. మంచానికి కట్టిన తెరలు గుడ్డవి కావు, కాగితంవి. దీపం మీద ఒక చిన్న ఇనుప గిన్నె వేలాడుతోంది. అదేమిటని అడిగితే అదే తన వంటగది అని తేలింది. మధ్యాహ్నం తల్లిదండ్రుల ఇంట్లో తిని, వచ్చేటప్పుడు ఒక రొట్టెముక్క తెచ్చుకుని, రాత్రికి ఆ గిన్నెలో నీళ్ళు, ఉప్పు, రొట్టె వేసి దీపపు సెగ మీద ఉడికించుకుని తింటూ చదువుకునేవాడు. తాను వెదుకుతున్న మనిషి దొరికాడని స్టూబర్ అక్కడే నిశ్చయించుకున్నాడు. ఎందుకంటే ఆయన పిలవడానికి వచ్చిన చోటికి సుఖానికి అలవాటుపడినవాడు వచ్చినా నిలవలేడు.

ఆ చోటి పేరు బాన్ ద లా రోష్. వోజ్ పర్వతాలలో, 1,099 మీటర్ల ఎత్తున్న షాన్ దు ఫ్యూ శిఖరం కింద విసిరేసినట్టుండే పేదపల్లెలు అవి. వాల్డర్స్‌బాక్, ఫూడే, బెల్మాంట్, బెల్‌ఫోస్, సోల్‌బాక్ అనే ఊళ్ళకు కలిపి ఒకే పాస్టరు. పాత యుద్ధాలు ఆ లోయను ఎన్నోసార్లు బుగ్గిపాలు చేశాయి. నేల రాతినేల, పంటకాలం తక్కువ. అడవి ఆపిల్ కాయలు, అడవి బేరి కాయలే చాలామందికి ఆహారం. శీతాకాలం వచ్చిందంటే నెలల తరబడి మంచే. కొండగాలి ఆ మంచును తోసుకొచ్చి పల్లాలలో గుట్టలుగా పోస్తుంది. ఎక్కడ బాటో, ఎక్కడ గోతో తెలియదు. పశువులకు ముందే కోసిపెట్టిన గడ్డి అయిపోతే తెచ్చేదారి లేదు. బ్రూష్ నదిని దాటాలంటే నీళ్ళలో పరిచిన రాళ్ళమీద అడుగులు వేసుకుంటూ పోవాలి. ఆ రాళ్ళమీద మంచు గడ్డకట్టిన రోజున అదీ లేదు. ఇక వసంతంలో మంచు కరిగితే ఆ నీళ్ళు కొండవాలును కోసి, ఉన్న కాలిబాటలను కూడా కొట్టుకుపోయేవి. మంచు పడితే ఒక బాధ, కరిగితే మరో బాధ.

చదువు సంగతి చెప్పనక్కర్లేదు. స్టూబర్ 1750లో అక్కడికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక పూరిపాకలో పిల్లలంతా గోలగా కనిపించారు. పంతులెవరని అడిగితే మూలన పడుకున్న ఒక ముసలాయనను చూపించారు. ఆయన అంతకుముందు ఊరి పందులను కాసేవాడు. వయసు మీదపడి పందుల వెంట తిరగలేకపోతే ఊరివారు ఆయనను పిల్లలను కాయమన్నారు. ఆయనకే అక్షరం రాదు, ఇక పిల్లలకేం చెబుతాడు? స్టూబర్ కష్టపడి అక్కడ చదువుకు పునాది వేశాడు. ఆ పునాదిమీద కట్టవలసిన భారం 1767లో ఓబర్లిన్ భుజాలమీద పడింది. సైనికదళపు కొలువు వదులుకుని ఆయన వాల్డర్స్‌బాక్ చేరాడు. మరుసటి ఏడాది మాడలీన్ సలోమే విట్టర్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె ఆయన పరిచర్యలో సగభాగం మోసింది.

మంచి చేయడానికి వచ్చినవారికి హారతులు పట్టి స్వాగతం చెబుతారని మనం అనుకుంటాం. అలా జరగదు. కొత్త పాస్టరు తమ అలవాట్లను మారుస్తాడేమోనని కొందరు భయపడ్డారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక దారికాచి ఆయనను కొట్టాలని పన్నాగం పన్నారు. అది ఆయన చెవిన పడింది. ఆ ఆదివారం ఆయన కొండమీది ప్రసంగంలో మన ప్రభువు చెప్పిన సహనం గురించే ప్రసంగించాడు. ఆరాధన ముగిశాక ఇంటికి పోలేదు. పన్నాగం పన్నినవారు గుమికూడిన ఇంటికే తిన్నగా నడిచివెళ్ళి, తనను దారిలో కాచే శ్రమ వారికి అక్కర్లేదని, తానే వారి చేతికి వచ్చానని చెప్పాడు. చేతులెత్తినవారు తలలు దించుకున్నారు. ఆ తరువాత వారిలో చాలామంది ఆయనకు ఆప్తులయ్యారు. విశ్వాసి బలం కండలలో ఉండదు. ఎదుటివాడిని శత్రువుగా చూడలేని గుండెలో ఉంటుంది.

ఓబర్లిన్ ముందుగా చేసిన పని చర్చికి గోపురం కట్టడం కాదు, బాట వేయడం. లోయ నుంచి స్ట్రాస్‌బర్గ్ వెళ్ళే రాజమార్గాన్ని చేరితే తప్ప ఆ పల్లెలకు సంత లేదు, వైద్యం లేదు, పని లేదు. కొండను తొలచి, బండలు పేల్చి, నదివెంట గోడ కట్టి, నదిమీద వంతెన వేయాలని ఆయన ఊరివారిని పిలిచి చెప్పాడు. అది అయ్యే పని కాదన్నారు అందరూ. ఎవరికి వారికి ఏదో ఒక సాకు ఉంది. ఆయన వాదించలేదు. గునపం భుజాన వేసుకుని, ఒక మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాడు. ఆదివారం ప్రసంగించిన చేతులే సోమవారం రాళ్ళు మోయడం చూసి జనానికి సిగ్గేసింది. ఒక్కొక్కరే పనిముట్లు పట్టుకుని వచ్చారు. పనిముట్లు లేనివారికి ఆయన స్ట్రాస్‌బర్గ్ నుంచి తెప్పించాడు. మంచు కరిగినా మట్టి జారకుండా గోడలు లేచాయి. బ్రూష్ నదిమీద కొయ్య వంతెన నిలిచింది. దానికి ప్రేమ వంతెన అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. ఆ తరువాత ఊరికీ ఊరికీ మధ్య కూడా బాటలు పడ్డాయి. మంచు మునుపటిలాగే కురిసింది. కాని ఆ మంచు కింద ఇప్పుడు ఒక బాట ఉంది. పారతో తోస్తే దారి దొరుకుతుంది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. గాయపడినవాడిని మోసుకెళ్ళిన మంచి సమరయుని కథ మనందరికీ తెలుసు. అది ఆపద వచ్చాక చూపిన ప్రేమ. ఆపద రాకముందే, రేపు ఎవరో ఈ దారిలో పడిపోతారేమో అని ఆలోచించి దారినే బాగుచేయడం కూడా ఆ ప్రేమకు తోబుట్టువే. దాన్ని ఎవరూ గుర్తించరు, ఎవరూ చప్పట్లు కొట్టరు. వంతెనమీద క్షేమంగా దాటినవాడికి తాను ఏ ప్రమాదం నుంచి తప్పించుకున్నాడో కూడా తెలియదు. కాని దేవునికి తెలుసు.

బాట తరువాత ఆయన దృష్టి పసిపిల్లలమీద పడింది. మంచు కురిసే నెలల్లో పెద్దలు పశువుల చావిళ్ళలోనో, రాట్నాల ముందరో ఉంటే పసివాళ్ళు చలికి వణుకుతూ ఆలనాపాలనా లేకుండా ఉండేవారు. బెల్మాంట్ గ్రామంలో సారా బాంజె అనే యువతి చుట్టుపక్కల పిల్లలను తన ఇంట్లో కూర్చోబెట్టుకుని ఊలు అల్లిక నేర్పుతున్నదని ఓబర్లిన్‌కు తెలిసింది. ఆయన అందులో ఒక గొప్ప మార్గం చూశాడు. పొయ్యితో వెచ్చగా ఉండే గదిని ఒకటి ఏర్పాటుచేసి, ఆమెకు జీతమిచ్చి, పసిపిల్లలందరినీ అక్కడికి పంపమన్నాడు. ఇది 1769-70 నాటి మాట. ఆ గదుల్లో పిల్లలు అల్లిక నేర్చుకున్నారు, పాటలు పాడారు, బైబిలు కథలు విన్నారు, మొక్కల బొమ్మలు, దేశపటాలు చూశారు, యాసతోపాటు శుద్ధమైన ఫ్రెంచి మాట్లాడడం నేర్చారు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో కిండర్‌గార్టెన్ మొదలుపెట్టడానికి ఇంకా అరవై ఏళ్ళకు పైగా ఉన్న రోజులవి. మంచు పిల్లలను బయటికి పోనివ్వకపోతే, లోపలే వారికి ఒక లోకాన్ని చూపించాడు ఓబర్లిన్.

ఈ పనికి ప్రాణం పెట్టిన మరో స్త్రీ లూయీజ్ షెప్లర్. 1763లో బెల్‌ఫోస్‌లో ఒక పేదరైతు ఇంట పుట్టింది. పదిహేనేళ్ళ ప్రాయం దాటుతుండగా ఓబర్లిన్ ఇంట పనికి చేరి, పిల్లల గదుల నిర్వహణకు తన జీవితాన్నే ఇచ్చేసింది. ఊరి నుంచి ఊరికి కొండబాటల్లో, మంచులో కాలు దిగబడుతున్నా ఆమె నడక ఆగలేదు. 1783 జనవరిలో, చలికాలం నడుమ, ఓబర్లిన్ భార్య పసిబిడ్డలను వదిలి కన్నుమూసింది. ఆ ఇల్లు చీకటైపోయింది. అప్పుడు లూయీజ్ ఆ బిడ్డలకు తల్లిగా నిలిచింది. తరువాత జీతం కూడా వద్దని, తనను కూతురుగా చూసుకుంటే చాలని ఓబర్లిన్‌ను అడిగింది. పెళ్ళి చేసుకోలేదు. 1829లో ఫ్రెంచి అకాడమీ ఆమె సేవకు 5,000 ఫ్రాంకుల బహుమతి ఇస్తే ఆ డబ్బును కూడా దానధర్మాలకే వినియోగించింది. పాస్టర్ల పేర్లు పుస్తకాలకెక్కుతాయి. వారి వెనక మంచులో నడిచిన స్త్రీల పేర్లు ఎన్ని మరుగున పడ్డాయో!

ఓబర్లిన్ పరిచర్యలో ప్రార్థన ఒక గది, పని మరో గది కాదు. బంగాళాదుంప విత్తనం నాసిరకమైతే బయటి ప్రాంతాల నుంచి మంచి విత్తనం తెప్పించాడు. పండ్లచెట్లు పెంచమంటే రైతులు వినలేదు. అప్పుడాయన జనం రోజూ నడిచే బాటపక్కనే తన తోటలో లోతుగా గుంటలు తీయించి, ఎరువు వేసి చెట్లు నాటాడు. ఆ చెట్లు కాపుకు రాగానే రైతులే వచ్చి ఎలా పెంచాలని అడిగారు. కాళ్ళవేళ్ళా పడి చెప్పలేనిది ఒక కాపు చెప్పింది. సంఘంలో నిర్ధారణ పొందే యువతీయువకులు చెట్లు నాటి రావాలనే నియమం పెట్టాడు. చురుకైన కుర్రవాళ్ళను స్ట్రాస్‌బర్గ్ పంపి తాపీపని, కమ్మరిపని, బండిచక్రాల పని నేర్పించాడు. మంచులో పట్నం నుంచి మంత్రసాని రాదు కాబట్టి ఊళ్ళోని స్త్రీలకే ఆ విద్య నేర్పించాడు. వడ్డీలేని అప్పులిచ్చే నిధి ఏర్పాటుచేశాడు. తీసుకున్నది గడువులోగా తీర్చాలని గట్టిగా పట్టుబట్టాడు. శస్త్రవైద్యుడి ఇంట్లో నేర్చుకున్న వైద్యం ఇక్కడ పేదల మంచాల పక్కన పనికొచ్చింది.

ఫ్రెంచి విప్లవం వచ్చి ఆరాధనలు నిలిపివేసినప్పుడు కూడా ఆయన తన ప్రజలను వదల్లేదు. సభ పేరుతోనే వారిని కూడబెట్టి మంచి మాటలు చెప్పాడు. ప్రాణభయంతో పారిపోయి వచ్చినవారికి, వారి పక్షమేదని అడగకుండా ఆశ్రయమిచ్చాడు. 1793లో ఒక కొడుకును యుద్ధం పొట్టన పెట్టుకుంది. 1794లో ఆయనను కొన్నాళ్ళు నిర్బంధించారు. అదే ఏడాది జాతీయ సభ ఆయన విద్యాసేవను మెచ్చుకుంది. ఆయన నిందకు కుంగలేదు, మెప్పుకు పొంగలేదు.

ఆయన వృద్ధాప్యంలో అసలు పరీక్ష వచ్చింది. 1815 ఏప్రిల్‌లో ఇండోనేసియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ధూళి, వాయువులు ఆకాశాన్ని కమ్మి, 1816లో యూరప్‌లో చాలాచోట్ల ఎండాకాలమే లేకుండా పోయింది. చలి, ముసురు, పంటనష్టం, 1817 దాకా ఆకలి. ఎండ లేకపోతే కొండపల్లెల గతి ఏమిటో ఊహించవచ్చు. అక్కడా కష్టాలు తప్పలేదు. కాని ఐదు దశాబ్దాలుగా ఆయన వేసిన బాటలు, నేర్పిన చేతిపనులు అప్పుడు అక్కరకు వచ్చాయి. కొండల్లో తినదగిన ఆకులు, దుంపలు ఏవో పిల్లల గదుల్లో నేర్పిన పాఠాలు కూడా కరువులో అన్నం పెట్టాయి. పాఠం చెప్పిన రోజున అది ఆటలా ఉండి ఉంటుంది. ఆకలి వచ్చిన రోజున అది వరమైంది.

మన సిరిసిల్ల పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి చెందిన జాన్ లూక్ లెగ్రాన్ అనే పట్టురిబ్బన్ల వ్యాపారి, ఓబర్లిన్ సేవకు ఆకర్షితుడై, 1813 ప్రాంతంలో తన పరిశ్రమను ఫూడేకు తరలించాడు. మగ్గాలను ఒకే షెడ్డులో పెట్టకుండా ఇళ్ళకు పంచాడు. మంచు కప్పేసిన నెలల్లో కూడా ఇంట్లోనే కూర్చుని నేసే పని దొరికింది, కుటుంబం చెదరలేదు. ఆయన కొడుకు డేనియల్ లెగ్రాన్ అక్కడితో ఆగకుండా, కార్ఖానాలలో పసిపిల్లల చేత పని చేయించడాన్ని ఆపాలని, కార్మికులను కాపాడే చట్టాలు దేశాలన్నీ కలిసి చేయాలని యూరప్ ప్రభుత్వాలకు విన్నపాలు పంపాడు. అంతర్జాతీయ కార్మిక చట్టాలకు దారివేసినవారిలో ఆయన ఒకడు. ఒక కొండపల్లె పాస్టరు నీడలో ఇంత పెద్ద ఆలోచన మొలకెత్తింది.

1826 జూన్ 1న, 85 ఏళ్ళ వయసులో, ఓబర్లిన్ ప్రభువు సన్నిధికి చేరాడు. ఆయన దేహాన్ని వాల్డర్స్‌బాక్ నుంచి ఫూడే సమాధి తోటకు మోసుకెళ్తుంటే లోయలోని జనమంతా వెంట నడిచారు. వేరే సంఘానికి చెందిన కథోలికులు సైతం కన్నీళ్ళతో నడిచారు. ఆయన చేయించిన బాటమీదే ఆయన చివరి ప్రయాణం సాగింది. సమాధిమీది ఇనుప శిలువకు పాస్టరు అనే బిరుదు లేదు, పాపా ఓబర్లిన్ అని మాత్రమే ఉంది. నాన్న అని పిలిపించుకోవడంకంటే కాపరికి పెద్ద బిరుదు ఏముంటుంది? 1833లో అమెరికాలో ఆయన పేరుతో మొదలైన ఓబర్లిన్ కళాశాల, నల్లజాతి విద్యార్థులకు తలుపులు మూసే రోజుల్లో వారికి తలుపులు తెరిచింది.

ఇదంతా ఎక్కడో మంచుదేశపు కథ అని మనం పక్కన పెట్టేయకూడదు. మన పొరుగున మెదక్‌లో, కరువుతో అలమటిస్తున్న ప్రజలకు పని చూపించి, కూలి ఇచ్చి, చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఓబర్లిన్ ముందు మంచు, పోస్నెట్ ముందు కరువు. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే ప్రశ్న: చేతికి పనిలేని మనిషిని దేవుని ప్రేమ ఎలా తాకుతుంది?

మన ఊళ్ళలోనూ మంచు కురుస్తోంది, కాకపోతే అది తెల్లగా కనిపించదు. సిరిసిల్లలో ఆర్డరు లేక సాంచాలు ఆగిపోయిన వారం ఆ ఇంటికి మంచు కురిసినట్టే. 2017 నుంచి కొన్నేళ్ళు బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్నప్పుడు ఆ పట్టణం ఊపిరి పీల్చుకోవడం, పని లేనప్పుడు అప్పులపాలైన నేతన్నలు ప్రాణాలే తీసుకోవడం మనం చూశాం. కోరుట్లలో బీడీలు చుట్టే తల్లి చేతికి పని తగ్గిన నెల, జగిత్యాల రైతు తోటలో రాళ్ళవాన పడిన సాయంత్రం, గల్ఫ్ వెళ్ళిన కొడుకు నుంచి ఫోను రాని పండుగ, ఇవన్నీ ఆ ఇళ్ళ తలుపులను పూడ్చేసే మంచుగడ్డలే. ఆ తలుపు దాకా ఒక బాట ఉందా? మన సంఘాల్లో వడ్డీలేని చిన్న నిధి ఉందా? బడి మానేసిన పిల్లకు కాసేపు కూర్చుని చదువుకునే గది ఉందా? అప్పుల్లో ఉన్నవాడు సిగ్గుపడకుండా వచ్చి చెప్పుకోగల మనిషి ఒక్కడైనా ఉన్నాడా? కష్టం వచ్చాక పరామర్శకు వెళ్ళడం మంచిదే. అది రాకముందే వెళ్ళివస్తూ ఉండడం ఇంకా మంచిది.

మంచుకు తన దగ్గర కొట్లు ఉన్నాయని దేవుడు యోబు భక్తునికి గుర్తుచేశాడు. అవి ఎప్పుడు తెరుచుకుంటాయో, ఎంత కురుస్తుందో మన చేతిలో లేదు. గునపం మాత్రం మన చేతిలోనే ఉంది. ఓబర్లిన్ ఒక్క మంచుతునకను కూడా ఆపలేదు. మంచు కింద బాట ఉండేలా చూశాడు, అంతే. విశ్వాసం ఆకాశంవైపు చూస్తుంది, నిజమే. కాని దాని చేతులు నేలమీద పనిచేస్తూ ఉండాలి. ఎండ కాసే ఈ రోజుల్లోనే మన పొరుగింటి దాకా ఒక బాట వేసుకుందాం. రేపు ఆ బాటమీద సాయం అడుగుతూ వచ్చేది మనమే కావచ్చు.